పంటి వాపు ఎవరి పని?

పశువైద్యం చదువుకుంటున్న పిల్లలు అప్పుడప్పుడు నన్ను చూడటానికి వస్తారు. కుర్చీ చూపిస్తే వీపు వెనక్కి వాల్చి, కాళ్లు ముందుకు చాపి కూర్చుంటారు. నేనేమీ అనను. కాలం వాళ్లది. కాసేపయ్యాక ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు: "సార్, మీ సర్వీసులో మరిచిపోలేని కేసు ఏది?" మేలుజాతి గుర్రం గురించో, సంస్థానం ఏనుగు గురించో చెబుతానని వాళ్ల ఆశ. నేను చెప్పేది గద్వాలలో మగ్గం నేసే ఒకాయన దవడ గురించి. నా చేత కత్తి పెట్టించుకున్న రోగులందరిలో రెండు కాళ్లవాడు ఆయన ఒక్కడే.

నేను ఈ పనిలోకి ఎట్లా వచ్చానో ముందు చెప్పాలి. మా ఇల్లు ఇటిక్యాల దగ్గరి ఒక ఊరిలో ఉండేది. మా తాత నాటికి లాయంలో గుర్రాలు, వాకిట్లో పల్లకి ఉండేవట. దాయాదుల దావాల్లో మొదట భూములు పోయాయి, తరువాత గుర్రాలు పోయాయి. పల్లకి దూలం పశువుల కొట్టానికి నిట్టాడి గుంజ అయింది. మా నాయనకు మిగిలింది ఆయన కూర్చునే తీరు ఒక్కటే. అది మాత్రం ఏ కోర్టూ జప్తు చేయలేకపోయింది. నేను హైదరాబాదు పోయి డాక్టరీ చదువుతానంటే ఆయన ఒప్పుకోలేదు.

"మన ఇంట్ల వైద్యులకు మాన్యాలు ఇచ్చినం గని, ఇంకొకని చెయ్యి పట్టి బతికినోడు లేడు. చదివితే గుర్రాల వైద్యం చదువు. అది సవారీ చేసేటోళ్ల విద్య" అన్నాడు.

అట్లా నేను సలోత్రినయ్యాను. గుర్రాల వైద్యుడికి ఆనాటి పేరు అది. సవారీ చేసేవాళ్ల విద్య అని నమ్మి చదివినవాడికి ఉద్యోగమంతా గుర్రాలకన్నా ఎద్దులూ బర్రెలే ఎక్కువ ఎదురొచ్చాయి. మోకాలిదాకా పేడలో నిలబడ్డాను. నిలబడటం మాత్రం నిటారుగానే నిలబడ్డాను.

మీరు ఇప్పుడు చూస్తున్న దవాఖానలన్నీ ఒక అచ్చులో పోసినట్టుంటాయి. అప్పుడు ఊరికొక పద్ధతి. నా మొదటి కొలువు నాగర్‌కర్నూలులో. అది సర్కారు పద్ధతి. మనుషుల దవాఖాన ఒకచోట, పశువులది ఊరి అవతల ఒకచోట. వేళకు తలుపు తీయాలి, వేళకు మూయాలి. బిజినేపల్లి నుంచి రైతు కుంటే ఎద్దును నడిపించుకుంటూ వచ్చేసరికి తలుపు పడిపోయేది. డాక్టర్లు బదిలీ మీద వచ్చేవారు, బదిలీ మీద పోయేవారు. రోగికి డాక్టరు ముఖం తెలిసేలోపు కొత్త ముఖం వచ్చేది. అయినా ఆ పద్ధతిలో ఒక గౌరవం ఉంది. ఎవడొచ్చినా వరుసలోనే నిలబడాలి. దొర నౌకరైనా అంతే.

వనపర్తి దగ్గర నేను కొంతకాలం పనిచేసిన చిన్న దవాఖానలో పద్ధతి వేరు. ముందు గదుల్లో మనుషులు, వెనక దొడ్లో పశువులు, మధ్యలో ఇద్దరికీ మందులు కలిపే కంపౌండరు ఒక్కడే. ఒకసారి ఒక రైతు తన మామ దగ్గుకూ, ఎద్దు కడుపుబ్బరానికీ కలిపి మందు తీసుకుపోయాడు. మరునాడు వచ్చి, "సారూ, సీసాలు మారినట్టున్నయి. దగ్గుమందు తాగి ఎద్దు ఇంకా కావాలంటున్నది. రెండోది మా మామ వాసన చూసి ఊరు విడిచి పోయిండు" అన్నాడు. కంపౌండరు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఆ మామ వాసన చూసేవాడు కాకపోతే ఏమయ్యేదో నాకు తెలుసు.

గద్వాలకు వచ్చాక మూడో పద్ధతి చూశాను. ఇక్కడ ఎవరి విద్య వాళ్ల ఇంట్లో ఉండేది. సంస్థానం దవాఖానలో చదువుకున్న డాక్టరు ఒకాయన. ఒక గల్లీలో యునానీ హకీం సాబు. ఇంకో గల్లీలో నాడి చూసే వైద్యుడు. పండ్లు పీకేవాడు అంగడి రోజున గొడుగు కింద. కోట అవతల పశువుల దవాఖానలో నేను. ఎవరి హద్దు వారిది. ఒకరి రోగిని ఒకరు ముట్టేవారు కాదు. అది అసూయ అని మీరు అనుకోవచ్చు. అది మర్యాద అని మేము అనుకునేవాళ్లం.

నా దవాఖానలో ఒక నియమం ఉండేది. పశువుకు కత్తి పెట్టేముందు యజమాని ముందుకు రావాలి. సరేనని నోటితో చెప్పాలి. పగ్గం తన చేత్తో పట్టుకోవాలి. పాలేరు పట్టుకుంటే కుదరదు, పక్కింటివాడు పట్టుకుంటే కుదరదు. పశువు నోరు లేనిది. దాని తరఫున ఔననడానికి హక్కున్నవాడు ఒక్కడు ఉండాలి గదా. రోజూ పొద్దున్నే 'యజమాని ఎవరు' అని అడిగి అడిగి, అది నా నోట్లో నా ప్రమేయం లేకుండానే పలికేది.

ఆ ఏడు వానలు గట్టిగా పడ్డాయి. అంగడి రోజు. ముసురులోనే నేను ఒక కోడె గిట్ట చూస్తున్నాను. నేతగాళ్ల గల్లీ నుంచి ఒక పడుచువాడు ఉరుక్కుంటూ వచ్చి, గేటు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఏం తెచ్చినవు? ఎద్దా, ఆవా?" అన్నాను తల ఎత్తకుండా.

"మా అన్న, సారూ."

తల ఎత్తాను.

"అన్నకు పన్ను నొచ్చింది. దవడ వాసింది. నిన్నటి సంది గంజి గూడ దిగుతలేదు. ఇయ్యాల పొద్దుగాల కెల్లి ఊపిరి తీస్తుంటె గురగుర అంటున్నది."

"డాక్టరు దగ్గరికి పో."

"పోయొచ్చిన. ధరూరు దిక్కు ఎవరికో కాన్పు కష్టమైందని డాక్టరు సాబు మొన్న పోయిండట. వాగు అడ్డమొచ్చి ఆడ్నే ఆగిపోయిండు. కంపౌండరు సారు వచ్చి చూసిండు. చూసి, 'నా చేతికి సీసా ఇయ్యుండ్రి గని కత్తి ఇయ్యకుండ్రి. కోట అవతల సలోత్రి సారును అడుగు పో' అన్నడు. కర్నూలుకు తీస్కపోదామంటె రైలు మళ్ల రేపే."

మా నాయన మాట గుర్తొచ్చింది. కాని ఆ పడుచువాడు అన్న గురక ఎట్లా ఉందో తన గొంతుతో చేసి చూపించాడు. ఆ చప్పుడు నాకు బాగా తెలుసు. గుర్రపు పిల్లలకు దవడ కింద గడ్డ లేస్తుంది. అది లోపలికి ఒత్తితే ఊపిరి గొట్టం ఇరుకవుతుంది. అప్పుడు వచ్చే చప్పుడు అదే. చూసి చెబుతాను, అంతకుమించి ఏమీ లేదు అని సంచి తీసుకుని బయలుదేరాను.

ఆయన మగ్గం ఉన్న గదిలోనే ఉన్నాడు. గుంట మగ్గం అంచున కాళ్లు లోపలికి వదిలి, ముందుకు వంగి కూర్చున్నాడు. పడుకుంటే ఊపిరాడదు. మగ్గం మీద సగం నేసిన చీర ఉంది. పన్ను నొప్పి మొదలైన రోజే పీకించుకోమంటే, పడుగు దించినాక చూద్దాం అన్నాడట. నోరు వేలెడు కూడా తెరుచుకోవడం లేదు. నాలుక పైకి లేచి ఉంది. చొంగ కారుతుంటే భార్య తుడుస్తున్నది. ఆమెది రాయచూరు వైపు ఊరు. ఆమె మాటలో సగం కన్నడమే.

దవడ కింద చేయి వేశాను. ఒక మనిషి గొంతు మీద, రోగి అని అనుకుని చేయి వేయడం నాకు అదే మొట్టమొదటిసారి. వేడిగా, గట్టిగా ఉంది. ఒక్కచోట మాత్రం వేలు నొక్కితే లోపల ఏదో కదిలింది. పశువుల గొంతువాపు రోగంలో వాపు ఇంతకన్నా పెద్దగా ఉంటుంది, కాని కోస్తే ఏమీ రాదు, కోయకూడదు. ఇది అది కాదు. ఇది చీము. దారి ఇస్తే వెలుపలికి వస్తుంది. ఇవ్వకపోతే గొంతు లోపలికే దారి చేసుకుంటుంది. పెన్సిలిన్ అనే పేరు మా వైపు ఇంకా ఎవరూ వినలేదు. ఆ సాయంత్రానికి ఆయన ఉంటాడో లేడో ఆ కదిలే చోటు మీద ఆధారపడి ఉంది.

"కోయాలి. ఈ రోజే" అన్నాను.

ఇరుగుపొరుగు అప్పటికే గుమ్మంలో మూగారు. వాళ్లలో ఒక హుషారైన ముసలాయన, "పగ్గం తెద్దునా సారూ? పడెయ్యాలె గద!" అన్నాడు. ఇద్దరు ముగ్గురు నవ్వారు.

రోగి నా చేతిని తోసేశాడు. పండ్ల సందుల్లోంచి, ఒక్కొక్క మాటా పీల్చి పీల్చి అన్నాడు: "నేను... ఎద్దునా?"

గడ్డం ఛాతీకి ఆనించి, రెండు చేతులూ అడ్డం పెట్టుకున్నాడు. ఆ ఒక్క మాటకు ఆయన ఎంత ఊపిరి ఖర్చు పెట్టాడో నేను చూశాను. ఒకరిని బతిమాలడం మా ఇంట్లో ఎవరికీ రాదు. నాకూ రాలేదు. "వేడినీళ్ల కాపడం పెడుతుండండి" అని ఆమెతో చెప్పి, తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వీధిలోకి వచ్చాను. ఈ దవడను నాకంటే హక్కుగా ముట్టుకునేవాడు ఊళ్లో ఒకడైనా ఉండాలని నా పట్టుదల.

అంగడిలో పండ్లు పీకేవాడు గొడుగు కింద కూర్చుని ఉన్నాడు. పీకిన పండ్లను దండగా గుచ్చి గొడుగు కాడకు వేలాడదీశాడు. అదే ఆయన బోర్డు. నేను విషయం చెప్పాను.

"నోరు తెరుస్తడా సారూ?"

"తెరవలేడు."

"తెరవనోని నోట్ల నా పట్కారు ఎట్ల వోతది? తెరిచినా నేను ముట్ట. వాపు మీద పీకితె మనిషి దక్కడు. వాపు దిగనియ్యుండ్రి, పన్ను నేను జూస్కుంట. పన్ను నాది, వాపు నాది గాదు."

ఆయన చెప్పినదాంట్లో తప్పు లేదు. అక్కడి నుంచి హకీం సాబు ఇంటికి పోయాం. ఆయన తెల్లటి గడ్డం దువ్వుకుంటూ అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి పక్కకు జరిగి చోటిచ్చాడు. నేను నిలబడే చెప్పాను. ఆయన కళ్లు మూసుకుని విన్నాడు.

"చీము పట్టింది, బేటా. నశ్తర్ పెట్టి కోయాలె. అది గడ్డలు కోసే జర్రాల పని. మేము చెయ్యి పట్టి నబ్జ్ చూస్తం, మందుకు నుస్ఖా రాస్తం. మా ఖాన్దాన్ల ఎవ్వరు కత్తి ముట్టలే."

"ఊళ్లో జర్రా ఏడీ?"

"పోయిండు గద పోయిన రంజాన్‌ల. కొడుకు క్షవరం ఒక్కటే చేస్తడు. వాని చేతిల గడ్డమే తెగుతది, గడ్డ ఎట్ల కోస్తడు?" అని కాస్త నవ్వి, నా సంచి వైపు చూశాడు. "నువ్వు గుర్రాలకు చేస్తవు గద?"

"మనుషులను ముట్టడం మా ఖాన్దాన్లో లేదు, హకీం సాబ్."

ఆయన నవ్వు ఆపాడు. "అచ్ఛా. నీది ఒక ఖాన్దాన్, నాది ఒక ఖాన్దాన్. పాపం వాడు ఇద్దరి మధ్యల ఊపిరాడక కూసున్నడు."

ఆ మాట ఆయన నన్ను గుచ్చడానికి అన్నది కాదు. తనను కూడా కలుపుకునే అన్నాడు. లోపలికి పోయి, పుండు కడగడానికి వేపాకూ ఇంకేవో కలిపిన పొడి పొట్లం తెచ్చి తమ్ముడి చేతిలో పెట్టాడు. "కోసినంక నీళ్లల్ల మరగబెట్టి కడుగుండ్రి" అన్నాడు. కోయడం అయిపోయినట్టే మాట్లాడాడు.

తిరిగి వస్తూ దారిలో సంస్థానం దవాఖాన దగ్గర ఆగితే, కంపౌండరు ఉడికించిన బట్టపీలికలు, టించరు, కార్బాలిక్ నీళ్ల సీసా అడగకముందే మూటకట్టి ఇచ్చాడు. "నేను గూడ వస్త. గిన్నె పట్టుకుంట. కత్తి తప్ప ఏదైనా పట్టుకుంట" అని మా వెంట నడిచాడు. భయం ఉన్నా వచ్చే మనిషిని నేను గౌరవిస్తాను.

మేము పోయేసరికి గురక పెద్దదైంది. పెదవులు నీలంగా మారుతున్నాయి. నేను చొక్కా చేతులు మడిచి, మోచేతులదాకా కడుక్కున్నాను. కత్తిని మరిగే నీళ్లలో వేయించాను. కంపౌండరు గిన్నె పట్టుకున్నాడు. గుమ్మంలో ఉన్నవాళ్లను పక్కకు జరగమన్నాను, వెలుతురు కావాలి. రోగి ఇంకా గడ్డం దించుకునే ఉన్నాడు. నలుగురూ పట్టి పడేస్తే పని అవుతుంది. కాని పడుకోబెడితే ఊపిరి ఆగుతుంది. కూర్చునే ఉండాలి, కదలకుండా ఉండాలి, గడ్డం తానే పైకెత్తాలి. ఏ పగ్గంతోనూ అయ్యే పని కాదది.

కత్తి తీసుకుని తిరిగాను. రోజూ పొద్దున్నే పలికే మాట నా నోట్లోంచి దానంతటదే వచ్చింది:

"యజమాని ఎవరు? ముందుకు రావాలె."

నేను ఏమన్నానో నాకు తెలిసేలోపే ఆయన భార్య కొంగు సర్దుకుని ముందుకు వచ్చింది. రాయచూరు వైపు ఆడవాళ్లు భర్త పేరు చెప్పరు. యజమానులు అనే అంటారు. ఆమె నా ప్రశ్నను ఉన్నదున్నట్టుగా తీసుకుంది. నేను ఇంటాయనను గుర్తుపట్టలేదని ఆమెకు ఆశ్చర్యం.

"ఇవ్రే సామీ, మా యజమాన్రు" అంది రోగిని చూపిస్తూ. "ఇంకెవరున్నరు ఈ ఇంట్ల?"

తమ్ముడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. నాకు చెవులు వేడెక్కాయి. అప్పుడు వంగి ఉన్న ఆ వీపు కదిలింది. ఏడుస్తున్నాడనుకున్నాను. కాదు, నవ్వుతున్నాడు. నవ్వడానికి ఊపిరి లేదు, నోరు లేదు. భుజాలతో నవ్వుతున్నాడు. నొప్పికి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ నీళ్లలోంచి నా వైపు చూశాడు.

ఆ చూపు నాకు అర్థమైంది. పశువుల దవాఖానలో ఇద్దరు ఉంటారు. కత్తి పడేది ఒకరికి, ఔననేది ఇంకొకరు. ఇక్కడ ఆ ఇద్దరూ ఒక్కడే. ఇందాక మేమందరం కత్తి గురించి మాట్లాడుకున్నాం, పడేయడం గురించి మాట్లాడుకున్నాం, నోరు ఉన్న మనిషిని నువ్వు ఏమంటావని మాత్రం ఎవరమూ అడగలేదు. అందుకే ఆయన 'నేను ఎద్దునా' అన్నాడు.

నేను మోకాలి మీద కూర్చున్నాను. మగ్గం గుంట అంచున ఉన్న ఆయన ముఖం నా ముఖానికి సరిగ్గా ఎదురుగా వచ్చింది. పక్కన ఎవరికీ వినబడకుండా కాదు, అందరికీ వినబడేట్టే చెప్పాను.

"అయితే నిన్నే అడగాలె. దవడ నీది. దాని కింద చీమున్నది. నేను గుర్రాలకు కోసిన, మనుషులకు కోయలే. గుర్రానికి కోసిన చోటే కోస్త. నొస్తది. కోయకుంటే పొద్దుగూకేదాక ఉండవు. నువ్వు సరే అంటెనే ముట్టుకుంట. వద్దంటె ఈ సంచి మూసుకొని పోత. నిన్ను ఎవ్వరు పట్టరు. పట్టుకునేది గూడ నువ్వే."

ఆయన చాలాసేపు చూశాడు. చాలాసేపు అనిపించింది, అంతే. తరువాత చేతులు దించి, ముందున్న మగ్గం కర్రను, నేసిన బట్ట చుట్టుకునే ఆ గుండ్రటి కర్రను, రెండు చేతులా బిగించి పట్టుకున్నాడు. బట్టకు చెమట తగలకుండా అరచేతుల కింద పైపంచె కొస వేసుకోవడం కూడా మరువలేదు. కళ్లు మూసుకుని, మెల్లగా గడ్డం పైకెత్తాడు.

కోత గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. మెత్తగా కదిలిన చోట పెట్టాను. మొదట రక్తం, తరువాత చీము. ఆ వాసనకు గుమ్మంలో ముసలాయన వెనక్కి పోయాడు. కంపౌండరు ముఖం పక్కకు తిప్పుకున్నాడు గాని గిన్నె కదలనివ్వలేదు. మగ్గం కర్ర కీచుమన్నది. ఆయన కదలలేదు. నేను ఎన్నో గుర్రాలను, ఎన్నో ఎద్దులను చూశాను. అంత కదలకుండా ఉన్న రోగిని ముందూ చూడలేదు, తరువాతా చూడలేదు. గురక ఒక్కసారి తెగిపోయింది. అందరం బిగుసుకుపోయాం. అప్పుడు ఆయన పొడుగ్గా, నిండుగా ఒక ఊపిరి పీల్చాడు. చప్పుడు లేని ఊపిరి. భార్య గోడకు చేరగిలబడి కూర్చుండిపోయింది.

కడిగి, పీలిక పెట్టి కట్టు కట్టాను. చేతులు తుడుచుకుంటూ ఆమెకు జాగ్రత్తలు చెప్పాను: "రెండు దినాలు మేత పెట్టొద్దు. కుడితి మాత్రం పెట్టు."

ఆమె నా ముఖం చూసింది. "కుడితా సామీ?"

"గంజి" అన్నాను. "గంజి తాపు."

ఈసారి గది మొత్తం నవ్వింది. నేను నవ్వలేదు గాని, కోపం కూడా రాలేదు.

వాగు తగ్గాక డాక్టరు వచ్చాడు. ఆయన హైదరాబాదు మనిషి, నా ఈడువాడే. బురద కాళ్లతోనే నేరుగా నేతగాళ్ల గల్లీకి పోయి, రోగిని చూసి, ఆ తరువాత నా దవాఖానకు వచ్చాడు. నేను లేచి నిలబడ్డాను. మాట పడటానికైతే నిలబడే పడాలని.

"కోత మంచిగ ఉన్నది" అన్నాడు. "జర పెద్దగ పెట్టినవు."

"పశువు అద్దం చూడదు. చీము ఆగొద్దని పెద్దగ కోసుడే మాకు అలవాటు."

"రూలు ప్రకారం తప్పు, తెలుసు గద?"

"తెలుసు. పైకి రాస్తానంటే రాయండి."

ఆయన నా బల్ల మీద ఉన్న గిట్టలు కోసే కత్తిని తీసి అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఏమని రాయాలె? నేను ఊళ్ల లేనని రాయాల్నా? ఆడ ఆ తల్లీ బిడ్డా ఇద్దరు బతికిన్రు. ఈడ ఈయన బతికిండు. ఇద్దరిట్ల ఎవరిని విడిచిపెట్టాలె నేను?" అని కత్తి కింద పెట్టాడు. "కాని ఆ పన్ను ఇంకా లోపలే ఉన్నది. తీయకుంటె మళ్ల వాస్తది. నా దగ్గర పట్కారు ఉన్నది. రోజూ పీకే చెయ్యి మాత్రం అంగడి ఆయనది."

"పిలుద్దాం."

"దవాఖానకా? నా వరండాలకా?"

ఆయనకు ఎంత కష్టంగా ఉందో నాకు అర్థమైంది. అర్థం చేసుకోవడానికి నాకంటే తగినవాడు ఆ ఊళ్లో లేడు. నేను ఆ కత్తిని తుడిచి సంచిలో పెట్టుకున్నాను. చివరికి ఆయనే అన్నాడు, "పిలుద్దాం. పట్కారు ఉడకబెట్టాలె, అదొక్కటే షరతు."

తరువాతి అంగడి రోజున పండ్లు పీకేవాడు దవాఖాన మెట్ల దగ్గర చెప్పులు విడిచి వచ్చాడు. షరతు విని మండిపడ్డాడు. "నా పట్కారు ఉడకబెడుతరా? అది కూర గాదు సారూ!" అయినా ఇచ్చాడు. రోగి వరండాలో కుర్చీలో కూర్చున్నాడు. దవడకు సూదిమందు వేసింది డాక్టరు. తల పట్టింది నేను, అదీ పట్టమని ఆయన సైగ చేశాకే. పీకింది అంగడి ఆయన, ఒక్క మెలికతో. మూడు విద్యలు ఒక నోటి చుట్టూ నిలబడటం నేను చూడటం అదే మొదటిసారి.

పీకినవాడు పన్నును వెలుతురుకు పట్టుకుని మురిసిపోయాడు. "రెండు వేర్లు సక్కగొచ్చినయి. దండకు నడుమ గుచ్చుత."

కుర్చీలోంచి రక్తపు నోటితో రోగి అన్నాడు. ఇన్ని రోజులకు ఆయన గొంతు సాఫుగా వినబడటం అదే మొదలు.

"నా పన్ను నాకియ్యి."

అంగడి ఆయన మా ముఖాలు చూశాడు. డాక్టరు నవ్వు కనబడకుండా అటు తిరిగాడు. పన్ను చేతులు మారింది.

ఆ తరువాత అంగడి రోజుల్లో పండ్లు పీకేవాడికి ఆ వరండాలో ఒక మూల చోటు దొరికింది. డాక్టరు ఏ ఉత్తర్వూ రాయలేదు, ఎవరూ అడగలేదు. హకీం సాబు తన దగ్గరికి వచ్చిన గడ్డలను నేరుగా దవాఖానకు పంపడం మొదలుపెట్టాడు. నా దగ్గరికి కూడా కొందరు బుగ్గలు వాచి వచ్చారు. నేను వాళ్లను ఆ వరండాకే పంపాను. మనుషులను ముట్టకూడదని కాదు. ముట్టేవాళ్లు ఇప్పుడు ఉన్నారు గనుక.

ఇప్పటి పిల్లలకు నేను పద్ధతుల గురించి ఉపన్యాసం చెప్పను. నాగర్‌కర్నూలు పద్ధతిలో వరుస ఉంది. వనపర్తి దగ్గరి పద్ధతిలో పొదుపు ఉంది. గద్వాల పద్ధతిలో, ఎవరి విద్య పట్ల వాళ్లకు శ్రద్ధ ఉంది. మూడింటిలోనూ నేను పనిచేశాను, మూడింటినీ గౌరవిస్తాను. ఏ పద్ధతిలోనైనా రెండు గడపల మధ్య కొంత ఖాళీ నేల మిగులుతుంది. రోగం సరిగ్గా వచ్చి ఆ నేల మీద కూర్చుంటుంది. అది ఎవరి హద్దని మనం వాదించుకుంటూ ఉంటే, దాని అసలు పట్టాదారు మన ఎదురుగానే ఊపిరాడక కూర్చుని ఉంటాడు. ఇంతకంటే నాకు చెప్పడం రాదు.

దసరా ముందు ఒకసారి ఒక గేదెను చూడటానికి నేతగాళ్ల గల్లీ మీదుగా పోయాను. ఆ గుమ్మం దగ్గర ఆగాను. మగ్గం ఆడుతున్నది. ఆ చీర ఎప్పుడో పోయింది, ఇది ఇంకొకటి. ఆ ఇంటి ముందు మా తాత ఆగి ఉంటే మగ్గాలన్నీ ఆగిపోయేవి, అందరూ లేచి నిలబడేవారు. ఆయన నన్ను చూశాడు. కాళ్లు గుంటలో, చెయ్యి పోగును లాగే నాడె మీద, పోగు నడిమిలో ఉంది. లేవలేదు.

నా వైపు ఒక్కసారి గడ్డం పైకెత్తి, దాని కింది మచ్చను చూపించి, మళ్లీ పోగు మీదికి వంగాడు. ఆ అడ్డపోగు అంచు చేరేదాకా నేను గుమ్మంలోనే నిలబడ్డాను.